హోదా గడి

ఇలా దగ్గరికి జరగండర్రా, మన ఆరోగ్య మంత్రిగారి గొప్పతనం చెబుతాను. గొంతెత్తి చెప్పే సంగతి కాదు.

ఒకనాడు ఆయన మైకు ముందు నిలబడి, "ప్రాణాలు నిలబెట్టే మన బిడ్డలను పారామెడిక్ అనే పరాయి మాటతో పిలుస్తామా? దాని అర్థమూ పుట్టుకా తేల్చి, తగిన పేరు పెట్టేదాకా ఆ మాట రద్దు!" అన్నారు. చప్పట్లకు షామియానా ఊగిపోయింది.

మర్నాడు అంబులెన్సులో పారామెడిక్‌గా పనిచేసే అక్క ఒకామె ఆస్పత్రి స్టోర్సు కిటికీ దగ్గర నిలబడింది. బండిలో ఆక్సిజన్ అయిపోయింది. కొత్త సిలిండరు కోసం కాగితం నింపి తెచ్చింది.

"హోదా గడిలో ఏం రాశావక్కా?" అన్నాడు గుమాస్తా.

"ఎప్పుడూ రాసేదే."

"అది నిన్ననే రద్దయింది. ఖాళీగా వదిలితే కంప్యూటర్ ఒప్పుకోదు."

"ఊపిరాడనివాళ్లు ఒప్పుకుంటారా బాబూ?"

"వాళ్లకు హోదా గడి లేదుగా!"

పాపం, అక్క పక్క బండివాళ్ల సిలిండరు అడిగి తెచ్చుకుంటూ రోజులు నెట్టింది.

అక్కడ మంత్రిగారి దగ్గర ఆ మాట పుట్టుక తేల్చి కొత్త పేరు పెట్టే కమిటీ కూర్చుంది. కూర్చోవడంలో దాన్ని మించింది లేదు. "పారా అంటే చెంతన. డాక్టరు చెంతన ఉండేవారు" అన్నాడొక పండితుడు.

మంత్రిగారు నొచ్చుకున్నారు. "చెంతన ఉంటే ఫొటోలో ఎవరు కనిపిస్తారండీ?"

"కాదు కాదు, పారాచూట్లలో దూకి సైనికులకు కట్లు కట్టినవారి నుంచి వచ్చింది" అన్నాడు ఇంకొకాయన. మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. వెంటనే అక్కకు కబురు వెళ్లింది.

"ఏమ్మా, దూకడం వచ్చా?"

"బండి ఆగీ ఆగకముందే దిగుతుంటాను సార్. మా సిలిండరు సంగతి..."

"దూకుతుందట, రాసుకోండి" అన్నారు కార్యదర్శితో.

మూడు వారాలకు నామకరణ సభ. అక్క బండికే అక్కడ డ్యూటీ పడింది. ఆ వేళకు పక్క బండివాళ్ల సిలిండరు కూడా నిండుకుంది. మంత్రిగారు కొత్త పేరున్న కవరు విప్పబోయి కుర్చీలోనే ఒరిగిపోయారు. ఊపిరి ఆగింది. అక్క ఆయన ముఖానికి ఊపిరి అందించే రబ్బరు సంచి బిగించి, ఆస్పత్రి దాకా నలభై నిమిషాలు చేత్తో పిసుకుతూనే ఉంది. వేళ్లు కొంకర్లు పోయినా ఆపలేదు. ప్రాణం నిలిచింది.

వారానికి మంత్రిగారి ప్రకటన పేపర్లో వచ్చింది. అక్క వేళ్ల వాపు ఇంకా తగ్గలేదు, గుమాస్తానే చదివి వినిపించాడు: "రెండు చేతులు, ఒక సంచి చాలునని స్వయంగా తెలుసుకున్నాను. ఇకపై ఏ అంబులెన్సుకూ సిలిండరు అక్కర్లేదు. ఇంతటి చేతులకు ఇంకా గొప్ప పేరు వెతకాలి కనుక కమిటీ గడువు మరో ఏడాది పొడిగిస్తున్నాను."

పైన ఫొటో. మంచం మీద మంత్రిగారు నవ్వుతున్నారు. తలవైపు రెండు, కాళ్లవైపు రెండు, నిండు సిలిండర్లు.

దీన్ని గుర్తుంచుకొని మీ పిల్లలకు చెప్పండర్రా. చెప్పేటప్పుడు ఏది మరిచినా ఆ ఫొటో మాత్రం మరవకండి.