రెడీమేడ్ థీసిస్‌కు జేజేలు!

పరిశోధన చెయ్యకుండానే పరిశోధన పూర్తి చెయ్యడం తప్పని కొందరు గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. నమ్మకండి! విద్యారంగానికి ఈమధ్య జరిగిన ఒకే ఒక్క మేలు రెడీమేడ్ థీసిస్. కాదంటారా? అయితే కోటిరత్నం సంగతి వినండి. అందరూ వద్దంటున్నా సొంతంగా పరిశోధన చేసి, చేజేతులా సెకండ్ క్లాసు తెచ్చుకున్న మనిషి.

2002లో కోటిరత్నం గుంటూరులో ఎం.ఎడ్. చదువుతోంది. మిరప, పత్తి పండించే ఇంటి పిల్ల. ఊరు మార్టూరుకు దగ్గర. వారం వారం ఇంటికెళ్తూ చిలకలూరిపేటలో బస్సు మారేది. ఆ బస్టాండుకు ఎదురుగానే బుడాన్ డి.టి.పి. సెంటర్.

బుడాన్ కంప్యూటర్లో పదకొండు థీసిస్‌లు ఉండేవి. మీ పేరు, మీ గైడు పేరు, మీ ఊరి పేరు చెప్తే చాలు. పాత ఊరు ఉన్న చోటల్లా కొత్త ఊరు వచ్చి కూర్చునేది. మీరు పక్క కొట్లో టీ తాగి వచ్చేసరికి నూట నలభై పేజీల పరిశోధన వేడివేడిగా ప్రింటరులోంచి దిగేది! ఎండలో తిరగక్కర్లేదు. ఎవర్నీ ఏదీ అడగక్కర్లేదు. దేశంలో ఇంత చురుగ్గా పనిచేసే శాఖ ఇంకోటుందా?

క్లాసులో ముప్పాతికమంది పరిశోధన అక్కడే జరిగింది. ఆత్రేయ అనే పురోహితులబ్బాయి, జాలరిపల్లెల మీద ఎవరో రాసిన థీసిస్‌కి మార్టూరు పేరు పెట్టించాడు. "మార్టూరు ప్రజలు తెల్లవారగానే వలలు భుజాన వేసుకొని సముద్రములోనికి పోవుదురు" అని నాలుగో అధ్యాయంలో పడింది. మార్టూరులో ఉన్నదల్లా గ్రానైటు. అయితేనేం? గైడు లక్ష్మీనరసింహం గారు సంతకం పెట్టేశారు. సముద్రం లేని ఊరికి సముద్రం తెచ్చిన ఘనత ఏ ప్రభుత్వానికుంది చెప్పండి!

కోటిరత్నానికి మాత్రం ఈ సుఖం సయించలేదు. మిరపకోతలప్పుడు ఆడపిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారో కనుక్కుంటానంది.

"కారణం పుస్తకాల్లో ఉంది కదమ్మాయ్. తల్లిదండ్రుల నిరక్షరాస్యత," అన్నారు లక్ష్మీనరసింహం గారు. "తెలిసిన సంగతి మళ్లీ వాళ్లనెందుకు అడగటం? వాళ్లు ఇంకేదన్నా చెప్తే మనకే ఇబ్బంది!"

ఎంత ముందుచూపో చూశారా? కోటిరత్నం చూడలేదు. నలభై ప్రశ్నల కాగితాలు చంకన పెట్టుకుని ఫిబ్రవరి ఎండలో చేలోకి దిగింది. ఒక్కో ప్రశ్నకూ ఐదేసి జవాబులు. 'పూర్తిగా అంగీకరిస్తాను' దగ్గర్నుంచి 'అసలు అంగీకరించను' వరకూ. టిక్కు పెట్టడమే తరువాయి.

మొదటి ప్రశ్న చదివేలోపు పదకొండు తుమ్ములొచ్చాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని కాయలు కోస్తున్న ఎలీసమ్మ నవ్వింది.

"ముందు నువ్వూ ఓ సాలు పట్టు తల్లీ. కోస్తా అడుగు. నిలబడి అడిగితే మేస్త్రి అరుస్తాడు."

కోటిరత్నం సాలు పట్టింది. ఎలీసమ్మ పక్కన ఆమె కూతురు సువార్త కాయలు కోస్తోంది. పదమూడేళ్ల పిల్ల. ఏడో తరగతి రిజిస్టరులో ఆ పిల్ల హాజరు ఆ పూట కూడా సలక్షణంగా పడే ఉంటుంది.

"చదువు అవసరమని మీరు అంగీకరిస్తారా?" అని అడిగింది కోటిరత్నం. ఐదు జవాబులూ వినిపించింది.

"ఆ ఐదింట్లో నా మాట లేదమ్మా," అంది ఎలీసమ్మ. "చదువు చేదని ఎవరన్నారు? బళ్లో దొడ్డి ఉంది. దానికి తాళం. ఆఫీసర్లొచ్చిన రోజున తీస్తారు. మిగతా రోజుల్లో ఎదిగిన పిల్ల ఎక్కడికి పోద్ది? ఇక్కడైతే నేను అడ్డం నిలబడతా."

కోటిరత్నం కాగితాలు తిరగేసింది. నలభై ప్రశ్నల్లో ఎక్కడా దొడ్డి లేదు. ఆ సాయంత్రం కాగితాలన్నీ చించేసి, మర్నాటి నుంచి ఒక్కటే అడిగింది: పిల్ల ఎందుకు మానేసింది? కాయలు కోస్తూ అరవై రెండుమంది తల్లుల్ని అడిగింది. నలభై ఒక్కమంది తాళం గురించే చెప్పారు. మూడు వారాలు వేళ్లు భగ్గుమన్నాయి. అన్నం కూడా చెంచాతోనే తినేది.

"మరుగుదొడ్డా! థీసిస్‌లోనా!" లక్ష్మీనరసింహం గారు కళ్లద్దాలు తీసేశారు. "కనీసం మౌలిక వసతుల లేమి అని రాయమ్మాయ్. గౌరవంగా ఉంటుంది."

"వసతి ఉందండీ. తాళమే వేసుంది. వాళ్లు చెప్పింది అదేనండీ. నేను మార్చలేను."

"నీ ఖర్మ. వైవాలో నువ్వే పడతావు," అని సంతకం పెట్టారు.

ఆయన మాట పొల్లుపోలేదు. ఆత్రేయ సముద్రవర్ణన కళ్లకు కట్టినట్టుందని మెచ్చుకుని, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఫస్ట్ క్లాసు ఇచ్చాడు. కోటిరత్నాన్ని మాత్రం, "తాళం అనే అంశాన్ని ఇంతకుముందు ఏ విద్యావేత్త అయినా ప్రతిపాదించారా?" అని నిలదీశాడు. ఎలీసమ్మ పేరు చెప్పింది పిచ్చిది! సెకండ్ క్లాసు.

పోనీ బడికైనా పనికొస్తుందని ఒక కాపీ ఊళ్లో హెడ్మాస్టరుకిచ్చింది. బంగారు అక్షరాల అట్ట చూసి ఆయన మురిసిపోయాడు. భద్రంగా బీరువాలో పెట్టి, దానికీ తాళం వేశాడు.

ఇక తన పరిశోధన చదివిన దిక్కే లేదనుకుంటూ కోటిరత్నం పేటలో బస్సు దిగింది. కొట్లోంచి బుడాన్ కేకేశాడు.

"మేడం! ఇన్నేళ్లూ ఊళ్ల పేర్లు మార్చటమేగానీ ఒక్క థీసిస్సూ చదవలా. మీది కొత్తగా టైపు చెయ్యాలిగా, చదవక తప్పలా. ఇంటికెళ్లి మా పిల్లని అడిగా. బడికెళ్లే రోజు పొద్దుట్నుంచి మంచినీళ్లు తాగట్లేదంట! నాకు తెలియనే తెలియదు. నలుగురు తండ్రులం పోయి, తాళం తీసిందాకా బడి గేటు దగ్గర కూర్చున్నాం. తీశారు."

 ఆ వారమే కోటిరత్నం ఎలీసమ్మనూ ఇంకో ఇరవైమంది తల్లుల్నీ వెంటబెట్టుకుని ఊరి బడి ముందు కూర్చుంది. మధ్యాహ్నానికి తాళంచెవి దొరికింది. మర్నాడే సువార్త బడికొచ్చింది.

ఇక్కడితో ఆగితే ఇది మామూలు కథే. ఏడాది తిరిగేసరికి ఎం.ఎడ్. పిల్లల చేతుల్లో తన థీసిసే తిరుగుతోందని కోటిరత్నానికి తెలిసింది. మండిపడుతూ బుడాన్ దగ్గరకొచ్చింది.

"ఎండలో తిరిగి రాసింది నేను. పద్నాలుగు ఊళ్ల పేర్లు పెట్టి ఇచ్చేస్తావా?"

"కోప్పడకండి మేడం. ఊరి పేరు తప్ప అక్షరం మార్చలా. తీసుకెళ్లేవాళ్లకి ఒకటే చెప్తన్నా: మీ ఊరి బడికెళ్లి చూసి రండి, అక్కడ తాళం లేకపోతే ఆ పేజీ తీసేస్తానని."

"ఎంతమంది తీయించారు?"

బుడాన్ కీబోర్డు మీది దుమ్ము ఊదాడు. "అందరూ వెళ్లి చూసొచ్చారు మేడం. ఆ పేజీ తీయమన్నవాళ్లు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు."

చూశారా మరి! ఒక ఊరికి కుడితే పద్నాలుగు ఊళ్లకు అతికినట్టు సరిపోయింది. రెడీమేడ్ అంటే ఇదీ!