లెక్క సరిపోయిన మాత్రలు

దర్జీకి పక్కటెముక విరిగింది. కింద పడలేదు, దేనికీ గుద్దుకోలేదు. చొక్కా కాలరు కత్తిరిస్తూ గట్టిగా తుమ్మాడు, అంతే.

"తుమ్మితే విరగడానికి అది ఎముకా, బిస్కెట్టా?" అంది భార్య.

ఆవిడ ఓ ఫ్యాక్టరీ గోదాములో స్టోర్‌కీపరు. మేకుల్ని కూడా లెక్కపెట్టి ఇచ్చే మనిషి. వీధిలో అందరూ చాటుగా ఆవిణ్ణి 'ఆడిట్' అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఇంకా ఎవరికీ రాలేదు.

రెండేళ్ల కిందట దర్జీకి క్లోమం మొత్తం తీసేశారు. అప్పట్నుంచీ ఇన్సులిన్ సూదులు, తిన్నప్పుడల్లా అరుగుదల మాత్రలు. మాత్రల డబ్బా ఆవిడ అధీనంలోనే ఉంటుంది. వేపుళ్ల వాసన కూడా చూడకూడదన్నది ఆవిడ ఆజ్ఞ.

స్కానింగ్, రక్తపరీక్ష రిపోర్టులు చూసి డాక్టరమ్మ పెదవి విరిచింది.

"ఎముకలు బాగా పల్చబడ్డాయి. డి విటమిన్ అడుగంటింది. క్లోమం లేనప్పుడు మాత్ర పడకపోతే కొవ్వు అరగదు. దాంతోపాటే డి విటమినూ బయటికి పోతుంది. అది లేకపోతే ఎముకలకి కాల్షియం అందదు. తిన్న ప్రతిసారీ మాత్రలు వేసుకుంటున్నారా?"

"ఒక్కటి తగ్గలేదు, ఒక్కటి మిగల్లేదు. నా లెక్క తప్పదు," అంది ఆవిడ.

దర్జీ నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

లెక్క నిజంగానే తప్పలేదు. తప్పింది తిండి. అతని దుకాణం పక్కనే ఒకాయన జీడిపప్పు వేయించి అమ్ముతాడు. రోజూ నాలుగింటికి ఓ పొట్లం దర్జీ కత్తెర పక్కకి చేరేది. దానికి మాత్ర వేసుకుంటే ఇంట్లో లెక్క తప్పి దొరికిపోతాడు. అందుకని ఏడాదిన్నరగా మాత్ర లేకుండానే లాగిస్తున్నాడు. ఆ నూనె మర్నాడు మరుగుదొడ్డిలో తేలేది. అది కనబడకుండా నాలుగేసిసార్లు నీళ్లు వదిలేవాడు. ఫ్లష్ పాడైందని ఆవిడ రెండుసార్లు ప్లంబరును పిలిచి తిట్టింది కూడా.

"మాత్రలు నకిలీవి. పదండి మందుల షాపుకి," అంది ఆవిడ ఆస్పత్రి మెట్లు దిగుతూనే.

"ఎముక విరిగిందే నాకు."

"నడిచేది కాళ్లతో."

మందుల షాపు పెద్దాయన ముందు డబ్బా ఠక్కున పెట్టింది. "ఇందులో సుద్దపొడి నింపి అమ్ముతున్నారా? మా ఆయన తుమ్మడానికి కూడా పనికిరాకుండా పోయాడు."

"కంపెనీ సీలు చూడమ్మా."

"సీళ్లు మా గోదాములోనూ వేస్తారు."

జనం పోగయ్యారు. మీ లైసెన్సు సంగతి తేలుస్తానంటూ ఆవిడ ఫోన్ తీసింది. పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. మాత్రలు కొన్న బిల్లుల కోసం సొరుగులన్నీ లాగుతున్నాడు. దర్జీకి అది పక్కటెముక కన్నా ఎక్కువ నొప్పెట్టింది.

"మాత్రలు మంచివేనే," అన్నాడు, ఊపిరి సరిగ్గా అందక. "నేనే... జీడిపప్పు."

"ఏం జీడిపప్పు?"

"రోజూ. మాత్ర లేకుండా. నువ్వు లెక్కపెడతావని."

ఆవిడ ఫోన్ సంచిలో పడేసింది. పెద్దాయనతో "తప్పు మాదే, క్షమించండి" అంది, తిట్టినంత గట్టిగానే. దారిలో ప్లంబరు ఇంటి ముందు ఆగి అతనికీ అదే చెప్పింది. ఎందుకో తెలియక అతను బెదిరిపోయాడు.

ఇంట్లోకి వచ్చి తలుపు వేశాక అసలు కోపం బయటపడింది.

"మీరు తిన్నందుకు కాదు. ఆపరేషన్ రోజు ఎనిమిది గంటలు ఆస్పత్రి వరండాలో బల్ల మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. అలా దక్కించుకున్న మనిషిని పిడికెడు పప్పుకి వదులుకోమంటారా?"

ఆవిడే డాక్టరమ్మకి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

విషయమంతా విని డాక్టరమ్మ విసుక్కుంది. "అసలు తినొద్దని ఎవరన్నారు? చెబితే దానికి తగ్గట్టు మాత్రలూ, ఇన్సులినూ సర్దేదాన్నిగా?"

దర్జీ భార్యకేసి చూశాడు. ఆవిడ గోడకేసి చూసింది.

మర్నాడు నాలుగింటికి ఆవిడ దుకాణానికే వచ్చింది. మాత్ర మింగించి, పదంటే పది జీడిపప్పులు అరచేతిలో పెట్టింది. ఆవిడ చూపు కింద నమిలితే వాటికి రుచే లేదు. మిగతా పొట్లం ఆవిడే తీరిగ్గా తింటోంది.

"ఇంకో రెండు పెట్టవే."

"ఎముకలకి నడక కూడా కావాలట. వీధి చివరిదాకా వెళ్లి రండి, చూద్దాం."

దర్జీ చెప్పులు వేసుకున్నాడు. అతను తిరిగొచ్చేసరికి పొట్లం ఖాళీ.