పడావులో ఎర్రకర్రలు

ఎల్లారెడ్డి పక్క పల్లెలో భూమయ్యకు ఉన్నదంతా ఒక్క చెక్క భూమి. అందులో సగం ఈ ఏడు ఏ పంటా వేయకుండా పడావు పెట్టాడు. ఆ ఉదయం పాలకేంద్రంలో పాలు పోసి, అటునుంచి అటే వెళ్లి పడావులో పెంట ఎరువు ఎక్కడ పోయించాలో చూసి రావాలని అతని ఆలోచన. తీరా వెళ్తే పడావు నడుమ ఎర్రరంగు పూసిన కర్రలు పాతి ఉన్నాయి. వాటి మధ్య నేలంతా ఏదో బండి చక్రాలు గీరిన గుర్తులు.

భూమయ్య పుట్టుకతోనే అనుమానపు మనిషి. పాలకేంద్రంలో కొలత సరిగ్గా వస్తే, ఇవాళ ఎందుకు సరిగ్గా వచ్చిందా అని ఆలోచిస్తాడు. అలాంటివాడికి కర్రలు కనబడితే ఇంకేముంది, కామారెడ్డి రోడ్డుకు కలిపే కొత్త బైపాస్ తన పడావు మీంచే పోతోందని తేల్చేసుకున్నాడు. ఆ చెక్క పోతే ఊళ్లో రైతు అనిపించుకోవడానికి అతనికి ఏమీ మిగలదు.

ఇంటికి వచ్చి భార్య మంగవ్వకు చెప్పాడు. ఆమె పెనం మీది రొట్టె మీంచి చూపు తిప్పలేదు.

"ఉంటే ఉండనీ. నీ బువ్వేమన్న తింటున్నయా ఆ కట్టెలు?"

"భూమి పోతదంటే గంత నిమ్మలంగ ఉన్నవేంది?"

"ఏం పోదు. వాటి జోలికి పోకు."

జోలికి పోవద్దనేసరికి భూమయ్యకు పెళ్లాం మీద కూడా అనుమానం పుట్టింది. అడవిశాఖలో బీట్ ఆఫీసర్‌గా కొత్తగా చేరిన కూతురు ఆశ్రిత ఆ పూట కుంటుతూ నడిచింది. అడిగితే "మెట్టు తప్పిన బాపూ" అని లోపలికి వెళ్లిపోయింది. ఇల్లంతా కలిసి ఏదో దాస్తోందని అతను తీర్మానించాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి కర్రలన్నీ పీకి, గట్టు దాటించి పక్కనున్న ముజీబ్ చేనులో పాతాడు. ఆ తెల్లారి చూస్తే అవి మళ్లీ పడావులోనే ఉన్నాయి. పళ్లు కొరుక్కుంటూ మళ్లీ పీకి గట్టు ఎక్కాడో లేదో, అవతల ముజీబ్ నిలబడి ఉన్నాడు.

"ఏంది భూమన్నా, నా చేన్ల ఏం పాతుతున్నవు?"

"నేను పాతుతలేను భాయ్. గవర్నమెంటు పాతింది. నేను జరుపుతున్న, గంతే."

విషయం విని ముజీబ్ కర్రలు పీకిన గుంతల వరుస వైపు చూశాడు. "రోడ్డు గిన్ని వంకరలు తిరుగుతదా?"

"పెద్దోళ్ల భూములు తప్పించుకుంట పోతే గట్లనే తిరుగుతది."

ఆ మాట ముజీబ్‌కు సబబుగానే తోచింది. కర్రలను మళ్లీ ఆ గుంతల్లోనే పెట్టేసి, రోడ్డు వద్దంటూ ఇద్దరూ దరఖాస్తు రాశారు. ముజీబ్ ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో కర్రల దారి గీసి, తనకు తోచినచోట దాన్ని కామారెడ్డి రోడ్డుకు కలిపాడు. ఊరంతా సంతకాలు పెట్టింది. మండలాఫీసు గుమాస్తా ఆ పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముద్ర కొట్టి పైకి పంపే కాగితాల్లో పెట్టాడు.

"ఏ రోడ్డు? అసలు రోడ్డే లేదు గదా."

బయటికి రాగానే భూమయ్య ముజీబ్ భుజం పట్టుకున్నాడు. "లేదన్నడంటే పక్కా ఉన్నట్టే."

మర్నాడు పాలక్యాను మంగవ్వకు అప్పగించి, చేతికర్రతో మక్కజొన్న చేను చాటున కూర్చున్నాడు. కాసేపటికి ఎత్తైన బండి ఒకటి గుట్టబాట దిగి పడావులోకి వచ్చింది. నడిపే మనిషికి నిండా హెల్మెట్, మోకాళ్లకూ మోచేతులకూ దెబ్బ తగలకుండా కట్టుకునే డిప్పలు, చేతులకు తొడుగులు. జనం కొడతారని తెలిసే సర్వేవాడు ఇంత కట్టుదిట్టంగా వచ్చాడనుకున్నాడు భూమయ్య. ఆ మనిషి బండి మీద నిలబడి కర్రల నడుమ మెలికలు తిరుగుతుంటే, అతను ఒక్క ఉదుటున కర్ర ఎత్తి ఎదురు నిలిచాడు.

బండి జారి ధబాలున పడింది. కింద పడ్డ మనిషి లేచి హెల్మెట్ తీస్తే ఆశ్రిత.

"ముందు బ్రేకు ఒక్కటే పట్టద్దని బండి నేర్పే సారు మస్తుసార్లు చెప్పిండు," అంది మట్టి దులుపుకుంటూ. "నిన్ను జూసి గదే పట్టిన బాపూ."

మోకాలికి కట్టిన డిప్ప నిలువునా పగిలి ఉంది. అది లేకుంటే పగిలేది ఏమిటో తలచుకుని భూమయ్య చేతికర్ర అవతల పారేశాడు.

"పోచారం అడవిల తిరగనీకి ఈ బండ్లిచ్చిండ్రు. ఎల్లుండి పరీక్ష. తప్పితే నన్ను ఆఫీసుల కూసోవెడ్తరు. నువ్వు పాలకు పోయినప్పుడు నేర్సుకుంటున్న. ఆ కర్రలేమో పందులు పీకుతున్నయనుకుని మళ్ల మళ్ల పాతుతున్న."

"నాకెందుకు చెప్పలేదు బిడ్డా?"

"చెప్తే బండి ముట్టనిస్తువా?"

భూమయ్య వంగి బండి లేపాడు. ఆ సాయంత్రం, ఇక బతికినంతకాలం దేన్నీ అనుమానించనని మంగవ్వకు మాటిచ్చాడు. ఆశ్రిత పరీక్ష నెగ్గింది. లేని రోడ్డు మీద పెట్టిన దరఖాస్తును ఎవరు పట్టించుకుంటారులే అని ముజీబూ అతనూ దాని ఊసు వదిలేశారు.

కొన్నాళ్లకు ఒక ఉదయం పాలు పోసి వస్తుంటే పడావు దగ్గర జీపు ఆగి ఉంది. చేను నడుమ కొత్త కర్రలు. వచ్చిన ఇద్దరిలో ఒకతని చేతిలో ఏదో ముద్ర కొట్టిన కాగితం, దాని మీద ఆకుపచ్చ స్కెచ్ పెన్ను గీత. భూమయ్యలో పాత అనుమానం తలెత్తబోయింది. మంగవ్వకు ఇచ్చిన మాట గుర్తొచ్చి అణచుకున్నాడు. బిడ్డకు ఇంకో పరీక్ష ఉండి ఉంటుంది, వీళ్లు ఆమె సార్లు అయి ఉంటారు.

"పెద్దమనిషీ, ఈ కర్రలు ఎవ్వరు కదిలియ్యకుండ చూస్తవా?"

"ఇంక కదలనిస్తనా సారూ. నా పానం లెక్క చూసుకుంట."

జీపు వెళ్లాక ఒక కర్ర కొంచెం ఒరిగి కనిపించింది. రాయి తెచ్చి దాని తల మీద నాలుగు దెబ్బలు వేసి గట్టిగా దిగేశాడు. ఈసారి వరుస ఒక్క వంకర లేకుండా కామారెడ్డి రోడ్డు వైపు సాగడం చూసి, బిడ్డకు బండి బాగా చేతికొచ్చిందని సంతోషించాడు.