దగ్గుకు ఆధారాలు లేవు

నీటి సరఫరా కార్యాలయంలో కోరింత దగ్గు లేదని డైరెక్టరు గారు సభాముఖంగా ప్రకటించారు. మధ్యలో సూపరింటెండెంటు గారికి దగ్గు తెర వచ్చి, మొహం కందగడ్డలా మారి, ఊపిరందక చివర్న పెద్ద కూత వచ్చింది. డైరెక్టరు గారు మర్యాదగా ఆగి, కూత అయ్యాక, "లేదు" అన్న మాట దగ్గర మళ్లీ అందుకున్నారు.

"నిర్ధారణ కాని దగ్గును దగ్గుగా గుర్తించే అధికారం మనకు లేదు. రక్తపరీక్ష జరుగుతుంది. అందాకా ఎవరూ భయపడరాదు, సెలవు అడగరాదు!"

అందరూ చప్పట్లు కొట్టారు.

సూపరింటెండెంటు గారి బెంగ వేరు. ఇంట్లో కూతురు పసిబిడ్డతో ఉంది. ఆయన మనవరాలిని ఇంకా ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. ఆయన భార్య కూతురి గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ముందు దగ్గు తగ్గనీండి. పసిగుడ్డుకి అంటుకుంటే ఊపిరే ఆగిపోతుందట," అంది.

ఆయన ల్యాబుకు పరిగెత్తారు.

"దగ్గు మొన్ననే మొదలైతే ఈ పరీక్ష మరీ తొందరండీ," అంది ల్యాబు డాక్టరమ్మ. "రక్తంలో యాంటీబాడీలు తయారవడానికి వారాలు పడుతుంది. ఇప్పుడు లేవని వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. ముక్కులోంచి నమూనా ఇవ్వండి, తేలిపోతుంది."

"ఉత్తర్వులో ముక్కు లేదమ్మా, రక్తమే ఉంది," అని ఆయన చెయ్యి చాపారు.

యాంటీబాడీలు లేవని రిపోర్టు వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉంది గానీ, చిన్న అక్షరాలు చదవడం పెద్ద అధికారుల హోదాకు తగదు. సిబ్బందికి ధైర్యం చెప్పే నిమిత్తం సూపరింటెండెంటు గారిని ప్రతి విభాగంలోనూ కాసేపు కూర్చోబెట్టారు. ఆ కార్యాలయ చరిత్రలో ఏ ఫైలూ కదలనంత చురుగ్గా దగ్గు కదిలింది. ఏ సంతకమూ లేకుండానే డైరెక్టరు గారి గదికి చేరింది.

ఇంట్లో మాత్రం రిపోర్టు చెల్లలేదు.

"కాగితం దగ్గట్లేదండీ, మీరు దగ్గుతున్నారు," అంది భార్య.

"కొన్నాళ్లు ఓపిక పట్టు నాన్నా," అంది కూతురు లోపల్నుంచి. ఆయన తలుపుకి చెవి ఆనించి పాప ఏడుపు విన్నారు. దగ్గు రాగానే, నోటికి తువ్వాలు అడ్డుపెట్టుకుని తనే వీధిలోకి వెళ్లిపోయారు.

వారాలు గడిచి దగ్గు సద్దుమణిగాక మళ్లీ పరీక్షించారు. ఈసారి యాంటీబాడీలు దండిగా ఉన్నాయి. "వచ్చింది కోరింత దగ్గే. ఇప్పుడిక మీ నుంచి ఎవరికీ అంటదు లెండి," అంది డాక్టరమ్మ. డైరెక్టరు గారు వెంటనే కఠిన చర్య తీసుకున్నారు. దగ్గుతూ దగ్గుతూనే, దగ్గని సూపరింటెండెంటు గారిని సెలవు మీద ఇంటికి పంపించేశారు.

ఆయన తిన్నగా వెళ్లి మనవరాలిని ఎత్తుకున్నారు. పాప తాత ముక్కు పట్టుకుంది. ఆయనకు కళ్లు చెమర్చాయి. చూడ్డానికి చుట్టాలంతా దిగారు. పాప బొద్దుగా, హాయిగా, చిన్న తుమ్మైనా లేకుండా ఉంది.

"చూశారా, పిల్ల నిక్షేపంలా ఉంది!" అంది సూపరింటెండెంటు గారి అక్క. "దీనికేనా మా తమ్ముణ్ణి అన్నాళ్లు గుమ్మం బయట నిలబెట్టింది మా మరదలు?"

అంతా నిజమేనన్నారు. మీరు అక్కడ లేరు గానీ, ఉంటే మీరూ అనేవారే.