బొంత గిన్నె ఖాళీ చేసిన మహాఘట్టము

తూర్పు దిక్కున సహస్రకిరణుడు నిద్రమత్తు వదలక, ఎదుటి భవనముపై బారులు తీరిన నల్లని నీళ్ల ట్యాంకుల వెనుకనుండి పిసినారి దానము చేసినట్లు ఒక్కొక్క కిరణమునే విదుల్చుచుండగా, పాలప్యాకెట్లు గుమ్మములకడ శరణాగతులవలె పడియుండగా, నాలుగవ అంతస్తు కుళాయి బుసలు కొట్టుచు మూడవ అంతస్తు జలములను అపహరించుచుండగా, ఆ మూడవ అంతస్తునందు ఎడమవైపు రెండవ తలుపు వెనుక, ఏడడుగుల పొడవును ఐదడుగుల వెడల్పును గల వంటగది యను రణభూమియందు ఒక మహాసంగ్రామము ఆరవ దినములో ప్రవేశించెను.

ఆ సంగ్రామమునకు నాయకుడెవ్వడయ్యా అనగా, పట్టణ గ్రంథాలయమునందు ఇరువదిరెండు సంవత్సరములు ఒక్క చూపుడువ్రేలితో ఊరి నోరు మూయించిన ధీరుడు, తుమ్మబోవువాడు సగము తుమ్మును మింగివేయునట్లు చూడగల తీక్ష్ణనేత్రుడు, గ్రంథపాలకుడు. ప్రతినాయకుడు ఎవ్వడనగా, నలుపు తెలుపు గోధుమవన్నెల అతుకులతో కుట్టినట్లుండు దేహము కలవాడును, ఒక చెవి నిక్కి ఒక చెవి వాలినవాడును, కుక్కల ఆశ్రయమునుండి ఆరు దినముల క్రిందటనే దత్తుడై వచ్చినవాడును అగు బొంత.

తెచ్చినది గ్రంథపాలకుని భార్య. ఆమె ఆసుపత్రిలో నర్సు. డ్యూటీనుండి వచ్చుచు చేతిలో గొలుసును, గొలుసు చివర బొంతను, చంకలో ఆశ్రయమువారి గింజల సంచిని పట్టుకొని గుమ్మమున నిలిచి, "అట్లా చూడకండి. పది రోజులు ఉంచుకుని చూడమన్నారు. పదో రోజు వాళ్ల మనిషి వచ్చి తూకం వేస్తుంది. పన్నెండు కిలోలకు తగ్గితే తీసుకెళ్లిపోతారట" అనెను.

"తీసుకెళ్లిపోనీ" అని ఆ ధీరుడు పుస్తకమునుండి తల యెత్తకయే పలికెను. కాని మరునాటి సాయంకాలము ఆయన చదువుకొనుచుండగా బొంత వచ్చి, ఎవ్వరి అనుమతియు కోరక, ఆయన కుడిపాదముపై గడ్డము ఆనించి నిద్రపోయెను. పాదము తిమ్మిరెక్కెను, మొద్దుబారెను, తుదకు ఉన్నదో ఊడినదో తెలియని స్థితికి వచ్చెను. అయినను ఆ మహానుభావుడు గంటన్నర కాలము దానిని కదల్పడయ్యెను. అంతటితో ఆయన పని అయిపోయినది.

ఇక యుద్ధకారణము వినుడు. బొంతకు ఒళ్లంతయు గోకుడు. పశువైద్యుడు దాని చెవి తిరగేసి చూచి, "ఆ ఆశ్రయం తిండి పడట్లేదండీ. ఈ గోధుమరంగు గింజలు పెట్టండి. కానీ ఒక్కసారిగా మార్చారనుకోండి, తర్వాత ఇల్లంతా మీరే కడుక్కోవాలి. ముందు మూడొంతులు పాతది, ఒక వంతు కొత్తది. తర్వాత సగం సగం. ఆ తర్వాత మూడొంతులు కొత్తది. పదో రోజుకి మొత్తం కొత్తదే" అని వ్యూహరచన చేసి పంపెను. గ్రంథపాలకుడు ఆ వ్యూహమును గళ్లుకొట్టి వ్రాసి ఫ్రిజ్ తలుపునకు అతికించెను.

కాని ఏమి లాభము? హంస పాలను నీటినుండి వేరు చేయునని పెద్దలు చెప్పుదురు గదా. ఆ హంస వచ్చి బొంత కాళ్లకడ శిష్యరికము చేయదగును! ఇరువది కొత్త గింజలు కలిపిన పూట భోజనానంతరము ఇరువది కొత్త గింజలును, ఒక్కటి తక్కువ గాక, గిన్నె వెలుపల వరుస తీరియుండెను. గోరువెచ్చని నీరు పోసిరి. నీరు త్రాగి గింజలు మిగిల్చెను. అరచేత పెట్టి అందించిరి. అరచేతిని నాకి గింజలను వదలెను. తుదకు గ్రంథపాలకుడే ఒక గింజను నోట వేసికొని, కటుక్కున కొరికి, తడిసిన అట్టముక్క రుచిని కంటనీరు రానీయక దిగమ్రింగి, "ఆహా!" అనెను. బొంత ఆయనవైపు జాలిగా చూచెను.

పాత గింజలు తగ్గుచుండెను, కొత్తవి పెరుగుచుండెను, బొంత అలిగిన అల్లునివలె సగము కడుపుతో లేచిపోవుచుండెను. ఆరవనాటి ఉదయమున ఆయన బొంతను ఎత్తుకొని తూకపు యంత్రమెక్కి, మరల ఒక్కడే ఎక్కి, ఆ సంఖ్యనుండి ఈ సంఖ్యను తీసివేయగా మిగిలినది పన్నెండు కిలోల యాబది గ్రాములు. యాబది గ్రాములు! ఒక నిమ్మకాయయంత దూరమున వియోగము పొంచియుండెను.

అంతట ఆ ధీరుడు వంటగది గచ్చుపై మోకరిల్లి, గిన్నెను ముందునకు త్రోసి, కుడిచేయి పైకెత్తి, పుస్తకముల నడుమ జీవితమంతయు గడుపుటచే గొంతున పేరుకొనిన సమస్త పాండిత్యమును ప్రయోగించి ఇట్లు పలికెను:

"ఓయి శునకవంశశేఖరా! నీ నిక్కిన చెవితో నొకమారు నా మొర నాలకింపుము! పోషకసారసమన్వితంబును, కండూతినివారకంబును, వైద్యశిఖామణి నిర్దేశితంబును నగు నీ యాహారంబును నీవేల తృణీకరించెదవు? నీవు భుజింపకుంటివేని నిన్ను గొనిపోవుదురు. కొనిపోయిరేని నా పాదమున కెవ్వడు దిక్కు?"

బొంత ఆవులించెను.

"అల్లుడుగారూ, ఫోన్లో మాట్లాడుతున్నారా?" అని సింకుకడనుండి మృదువుగా ఒక ప్రశ్న వచ్చెను.

అడిగినవారు అత్తగారు. ఆమె న్యాయస్థానమున ముప్పది సంవత్సరములు స్టెనోగ్రాఫరై, లోకుల తగవులన్నియు నోరు మెదపక వ్రాసికొనిన మౌనతపస్విని. కూతురియింట చేరి పదకొండేండ్లు. ఈ పదకొండేండ్లలో అత్తకును అల్లునికిని నడుమ ఒక్క మాట ఎక్కువ పోలేదు, ఒక్క మాట తక్కువ పోలేదు. అసలు మాటలే అంతంతమాత్రము. ఆ యింట కలహము పుట్టవలెనన్న ముందుగా దరఖాస్తు పెట్టుకొనవలసినదే.

అట్టి అత్తగారు అప్పుడేమి చేయుచుండిరి? గ్రంథపాలకుడు కొంత ముందు కడిగి బోర్లించిన కూరగిన్నెను మరల కడుగుచుండిరి.

ఆరు దినముల ఓటమిచే తల బరువెక్కిన వీరుడు నెమ్మదిగా అనెను. "ఆ గిన్నె నేను కడిగానండీ, అత్తయ్యగారూ."

"కడిగారు. చూశాను."

చూశాను! ఆ ఒక్క మాట ఎండుగడ్డిమీద పడిన నిప్పురవ్వ.

"చూశాను అంటే?"

"అంటే ఏముంది. చూశాను."

"పదకొండేళ్లుగా నేను కడిగిన ప్రతి గిన్నె మీరు మళ్లీ కడుగుతున్నారు. నాకు తెలీదనుకుంటున్నారా?"

"జిడ్డు వదలకపోతే కడగనా మరి? పుస్తకాల మీద దుమ్ము దులిపినట్టు దులిపేస్తావు నువ్వు గిన్నెల్ని!"

నువ్వు! పదకొండేండ్లు నిలిచిన 'మీరు' అను కోటగోడ ఆ ఒక్క దెబ్బతో కూలెను. కూలిన గోడ మీదుగా అత్తగారి సేనలు దూకెను. ఆమె గరిటెను పళ్లెముపై ఠంగున మ్రోగించి, "నా డబ్బాల్ని అక్షరక్రమంలో పెట్టమని నిన్నెవరడిగారు? ఉప్పు కావాలంటే అ ఆ ఇ ఈ అని పలక పట్టినట్టు చదువుకుంటూ పోవాలి! కారం దొరికేసరికి కూర మాడిపోతోంది!" అని గర్జించిరి.

"వెతుక్కోవడం తేలికని పెట్టాను! పదకొండేళ్లూ చెప్పరేం మరి?"

"నువ్వు అడగవేం?"

"నేను..." అని ఆ వీరుడు బదులు బాణము సంధించుచుండగా, కరకర, కరకర, కరకర యను ధ్వని భూమినుండి పుట్టెను. ఇరువురును క్రిందికి చూచిరి. బొంత గిన్నెలో మూతిని ముంచి పాతదనక కొత్తదనక గుటగుట మ్రింగుచుండెను!

ఆశ్చర్యముచే ఇరువురు నిశ్చేష్టులైరి. ఇల్లు నిశ్శబ్దమయ్యెను. బొంత తల యెత్తెను. అటు చూచెను, ఇటు చూచెను. అనంతరము తీరికగా గిన్నెలోనుండి ఒక గోధుమరంగు గింజను ఏరి గచ్చుపై పెట్టెను.

ముందుగా తేరుకొనినవారు అత్తగారే. "ఆగకు! తిట్టు, తిట్టు!"

"ఏమని తిట్టనండీ?"

"ఏదో ఒకటి! నోట్లో నాలుక లేదూ? ఆ ఆశ్రయంలో నలభై కుక్కలు అరుస్తుంటే తిన్నది రా ఇది! ఏరుకుంటూ కూర్చుంటే పక్కది లాగేసుకుంటుంది. మన ఇంట్లో చీమ నడిచినా వినబడుతుంది. అందుకే తీరిగ్గా ఏరుకుంటోంది!"

గ్రంథపాలకుడు గుండెలనిండ గాలి పీల్చెను. ఇరువదిరెండు సంవత్సరములు ఇతరులను ఊరకుండుమని పలికిన ఆ కంఠము, తాళము తీయని గదివలె తుప్పుపట్టిన ఆ కంఠము, కిర్రుమని తెరచుకొని, "నా ఫ్యాను! నేను చదువుకుంటుంటే నా ఫ్యాను ఎందుకు ఆపేస్తారు?" అని మూడు అంతస్తులు దద్దరిల్లునట్లు అరచెను. బొంత గిన్నె అడుగు నాకెను.

నాటినుండి ఆ యింట కలహము రెండు పూటలా నియమముగా జరుగుచుండెను. అత్తగారు పాత స్టెనో పుస్తకము వెదకి తీసి, ఉదయమునకు తడి తువ్వాలు, సాయంకాలమునకు సగము మూసిన కుళాయి అని విషయసూచిక వ్రాసిరి. ఏడవనాడు నర్సు ఇంటికి వచ్చి, లోపలి కేకలు విని, గుమ్మముకడనే సంచి జారవిడిచి, "అమ్మా! ఏమైంది?" అని పరుగెత్తుకొని రాగా, "ఏం లేదే, కుక్కకి అన్నం పెడుతున్నాం" అని అత్తగారు ఊపిరి తీసికొనుటకు ఆగి చెప్పిరి.

అయితే ఈ యుద్ధమున ఒక చిక్కు గలదు. అరచిన ప్రతి తగవు తీరిపోవుచుండెను. ఫ్యానుకు రెండవ నంబరని ఒడంబడిక కుదిరెను. డబ్బాలు మరల పాత చోట్లకు చేరెను. తొమ్మిదవనాటి సాయంకాలమునకు సూచిక అడుగంటెను. అప్పుడు అత్తగారు పుస్తకము మూసి, అందులో లేని మాట ఒకటి అనిరి.

"పదకొండేళ్లలో ఒక్కసారి, 'తిన్నారా' అని అడిగావా నన్ను?"

గ్రంథపాలకుడు ఎత్తిన చూపుడువ్రేలిని దించెను. "అడిగితే ఏమనుకుంటారోనని..." అనెను.

"ఏమనుకుంటాను? తిన్నాననో, లేదనో చెప్తాను."

"తిన్నారా మరి?"

"లేదు."

ఆయన లేచి రెండు కంచములు తెచ్చెను. ఇరువురును చప్పుడు లేకుండ భోజనము చేసిరి. ఆ పూట బొంత గిన్నె ప్రక్కన పదకొండు గింజలు మిగిలెను.

పదవ దినము వచ్చెను. పాత సంచి ఖాళీ. గిన్నెనిండ కొత్త గింజలే. చంకలో తూకపు యంత్రముతో, చేతిలో మూడు పేజీల పత్రముతో ఆశ్రయపు తనిఖీ అధికారిణి వంటగది గుమ్మమున నిలిచి, "ముందు తినడం చూస్తాను, తర్వాత తూకం" అనెను. సెలవు పెట్టిన నర్సు ఫ్రిజ్‌ను ఆనుకొని నిలిచెను. అత్తయు అల్లుడును ఎదురెదురుగా నిలిచి గొంతులు సవరించుకొనిరి.

"మీరు..." అని గ్రంథపాలకుడు కండ్లెఱ్ఱజేసి ఆరంభించెను. "మీరు నిజానికి చాలా మంచివారు."

"నువ్వు మాత్రం!" అని అత్తగారు గరిటె నెత్తి, ఏమియు తోచక దించిరి. "నువ్వూ చెడ్డవాడివేం కాదు."

బొంత ఒక గింజను ఏరి గచ్చుపై పెట్టెను. మరియొకటి పెట్టెను. అధికారిణి పత్రముపై కలము మోపెను.

అప్పుడు ఫ్రిజ్‌వైపునుండి పిడుగు పడెను.

"మీరిద్దరూ మంచివాళ్లే! చెడ్డదాన్ని నేను! ఈ కుక్కని తెచ్చింది ఎవరు? నేను! అది పడుకునేది ఈయన కాళ్ల మీద, తోక ఊపేది అమ్మని చూసి! పది రోజుల నుంచి డ్యూటీ నుంచి వస్తుంటే కుక్క సరే, మీలో ఒక్కళ్లయినా తల తిప్పి చూశారా?"

"చూడకేం? నిన్న నీకు టీ ఎవరిచ్చారే?" అని అత్తగారు.

"అది చల్లారిపోయిన టీ!"

"కేకలేస్తూ పెట్టాను, చల్లారదా మరి?" అని గ్రంథపాలకుడు.

"ఆగండాగండి! గొడవలు పడే ఇంట్లో మేం కుక్కని ఉంచం!" అని అధికారిణి.

"మీరాగండి! అది తింటోంది!" అని ముగ్గురును ఏకకంఠముగా అరచిరి.

"నా మీద అరుస్తారేంటి?" అని ఆమెయు అరచెను.

నలువురి కేకలు కలిసి ప్రళయకాలమేఘగర్జనము పుట్టెను. గిన్నె గచ్చుపై గిరగిర తిరిగెను, గోడకు తగిలెను, వెనుకకు వచ్చెను, దాని వెంట బొంత పోయెను, కరకర ధ్వని కేకలను మించెను. తుదకు నలువురికిని ఒక్కసారిగా ఆయాసము వచ్చి మాటలాగెను.

గిన్నెలో ఒకే ఒక గింజ మిగిలియుండెను.

కుళాయి చుక్క రాలుట వినబడెను. అరచుటకు ఎవ్వరికిని గొంతు లేదు. బొంత ఆ గింజను చూచెను. వాసన చూచెను. నాలుగు ముఖములను వరుసగా చూచెను. లాగికొనుటకు ఎవ్వరును రాలేదు. తొందర ఏమియు లేదు. అయినను మెల్లగా మూతి వంచి, ఆ గోధుమరంగు గింజను, ఆ నిశ్శబ్దమునందు, నమిలి తినెను.

యంత్రముపై పన్నెండు కిలోల ఇరువది గ్రాములు చూపెను.

"ఆ ఇరవై గ్రాములూ ఇప్పుడు తిన్న గింజలే అయ్యుంటాయి" అని అధికారిణి బొంగురు గొంతుతో అనెను.

"అయితేనేం, దాని కడుపులోనే ఉన్నాయిగా" అని అత్తగారు.

అధికారిణి పత్రము తిరగేసి, 'ఇంటి వాతావరణము' అను గడిలో 'గోల. కుక్కకు అనుకూలం' అని వ్రాసి సంతకము చేసెను.

ఇట్లు ఒక గ్రంథపాలకుడును, ఒక స్టెనోగ్రాఫరును, ఒక నర్సును కలిసి, దశదినఘోరసంగ్రామమున, శత్రువును గాయపరుపక, గచ్చును కడుగవలసిన అగత్యము కూడ కలుగనీయక, ఒక్క గింజను, అవును, చిటికెన వ్రేలి గోరంతైన లేని ఒకే ఒక్క గింజను, నిశ్శబ్దముగా తినిపించి దిగ్విజయులైరి. జయధ్వనులు చేయుటకు మాత్రము ఆ పూట ఆ యింట ఎవ్వరికిని గొంతు లేకుండెను.