బండి లేని అద్దెదారు

ఆ సోమవారం ఉదయం ఖియెమ్ తలపెట్టింది చాలా చిన్న పని: నడిచి ఆఫీసుకు వెళ్లడం. ఇన్నేళ్లూ సైగాన్ శివార్ల నుంచి మోటారు సైకిల్ మీద పొగ మింగుతూ వచ్చి వచ్చి నడుం విరిగాక, భార్య త్రామ్ పోరు పడలేక, ఊరి నడిబొడ్డున ఒక సందులో మేడ మీద రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాడు. సందు మలుపు తిరిగితే ఆఫీసు. కూరగాయలు, మందుల షాపు, నూడుల్స్ బండి అన్నీ నాలుగడుగుల దూరం. ఇక మోటారు సైకిల్‌తో పనేముందని దాన్ని బావమరిదికి ఇచ్చేశాడు.

ఇంటి యజమానురాలిని సందంతా నాలుగో పిన్ని అంటుంది; అక్కడ పెద్దవాళ్లను పుట్టిన వరస సంఖ్యతోనే పిలుస్తారు. ఇదివరకు ఆ వాటాలో ఉన్నవాడు చెప్పాపెట్టకుండా ఉడాయించాడు. అందుకని ఆవిడ ఈసారి ఒక నెల మనిషిని చూసిగానీ ఒప్పందం రాయనని ఖండితంగా చెప్పింది.

ఆ సందులో ఎదురింటికి ఉప్పు అడగడానికి వెళ్లినా బండి మీదే వెళ్తారు. ఖియెమ్ కాలినడకన బయల్దేరడం కాఫీ అమ్మే ఏడో బాబాయి కంట పడింది.

"ఏమోయ్, బండేది?"

"లేదు బాబాయ్. నడిచే వెళ్తున్నా."

"చెడిపోయిందా? మావాడు బాగుచేస్తాడుండు."

"చెడిపోలేదు. మా బావమరిది పట్టుకెళ్లాడు."

"ఎప్పుడిస్తాడంట?"

"ఇంకెక్కడిస్తాడు!" అని నవ్వాడు ఖియెమ్.

బాబాయి చేతిలో గ్లాసు ఆగిపోయింది. సొంత బావమరిదే అప్పు కింద బండి లాక్కుపోయాడన్నమాట! అవునా అని అడగబోయి, పరువుగల మనిషి నొచ్చుకుంటాడని ఊరుకున్నాడు. ఒక కాఫీ అతని చేతిలో పెట్టి, డబ్బులు మాత్రం తీసుకోలేదు. ఈ సందులో ఎంత మంచి మనుషులున్నారో అనుకుంటూ ఖియెమ్ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని, ఒక కునుకు తీశాడు. ఆఫీసు దగ్గరున్నందుకు ఆ సుఖం ఒకటి. గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుక్కూర్చున్న నాలుగో పిన్నికి అది మరోలా తోచింది. పట్టపగలు ఇల్లు చేరిన మగవాడికి ఉద్యోగం ఊడిందనడానికి వేరే సాక్ష్యం ఎందుకు? సాయంత్రానికి సందులో అందరికీ తెలిసిపోయింది, ఒక్క ఖియెమ్ దంపతులకు తప్ప.

మర్నాడు నూడుల్స్ ఆవిడ అతని గిన్నెలో రెండు మాంసం ముక్కలు ఎక్కువ వేసింది. దారిన పోయే ప్రతివాడూ బండి ఆపి, "ఎక్కు తమ్ముడూ, దింపేస్తా" అన్నాడు. ఖియెమ్ చేతులు జోడించి వద్దన్నాడు. పాపం, అభిమానం చావలేదు అనుకున్నారు.

గురువారం సాయంత్రం ఖియెమ్ కాలువ వంతెన మీదికి షికారు వెళ్లాడు. కింద ఎవరో గాలం వేస్తుంటే చేప పడుతుందా లేదా అని కమ్మీ మీంచి బాగా వంగి చూశాడు. అంతే, వెనకనుంచి ఎవరో నడుం వాటేసుకున్నారు.

"తొందరపడకు నాయనా! కష్టాలు మనిషికి కాకపోతే మానుకొస్తాయా?" ఏడో బాబాయి భోరుమన్నాడు. గాలం వేసినవాడు కూడా లేచి వచ్చి ఖియెమ్ కాళ్లు పట్టుకున్నాడు. చేప తప్పించుకుంది.

బండి పోయి, ఉద్యోగం ఊడి కాలువలో దూకబోయాడని సందంతా అనుకుంటున్న సంగతి ఖియెమ్ చెప్పగా విని త్రామ్ పొట్ట పట్టుకుని నవ్వింది. "వాళ్లదేం తప్పు? నీళ్లలోకి చూడక్కర్లేదు, మామూలుగా ఉన్నా ఎవరో పోయినట్టుంటుంది నీ మొహం."

శుక్రవారం నాలుగో పిన్ని తలుపు తట్టింది. ఆవిడ వెనక సందు మొత్తం నిలబడి ఉంది. వాటా ఖాళీ చేయమంటుందేమోనని ఖియెమ్ తనే ముందు అందుకున్నాడు.

"పిన్నీ, నాకు నిక్షేపంలాంటి ఉద్యోగం ఉంది!"

"ఉంటే నడుస్తావేం?"

"ఆఫీసు దగ్గరే కదా!"

"దగ్గరైతే మాత్రం నడుస్తారా ఎవరైనా? ఉడాయించినవాడూ ఉద్యోగం ఉందనే అన్నాడు. సర్లే, కిందికి రా."

కింద ఎర్ర రిబ్బను కట్టిన పాత మోటారు సైకిల్ ఉంది. సందులో వాళ్లంతా చందాలేసుకుని కొన్నారట. "దీనిమీద తిరిగి ఇంకో ఉద్యోగం వెతుక్కో" అన్నాడు ఏడో బాబాయి కళ్లొత్తుకుంటూ.

"ఇది నాకొద్దు బాబాయ్, నిజంగా..."

"వద్దంటే మమ్మల్ని పరాయివాళ్లను చేసినట్టే," అంది నాలుగో పిన్ని. "పైగా బండి లేనివాణ్ణి నమ్మి ఒప్పందం ఎలా రాయమంటావ్? తాళం తీసుకుంటే ఇప్పుడే సంతకం పెడతా."

త్రామ్ వెనకనుంచి మోచేత్తో పొడిచింది. ఖియెమ్ తాళం అందుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ఖియెమ్ రోజూ ఉదయం సందు చూస్తుండగా బండెక్కి బయల్దేరతాడు. ఆఫీసు దగ్గర బండి పెట్టే చోటు ఎప్పుడో నిండిపోయింది కనుక, ఆఫీసు దాటి, మార్కెట్ అవతలున్న స్టాండులో పెట్టి, అక్కణ్ణుంచి వెనక్కి నడుచుకుంటూ వస్తాడు. ఇంటినుంచి నడిచినదానికి అది రెట్టింపు దూరం.

ఆ నడక గురించి మాత్రం ఎవరూ ఏమీ అనుకోవడం లేదు.