పోపుల డబ్బా కింద నేరస్థుడు

"ఈ గీదం ఊళ్ళో నేరస్థులు ఎంతమందైనా ఉండొచ్చు. వాళ్ళని పసిగట్టే ముక్కు మాత్రం ఒక్కటే," అని ప్రకటించి, రాజశేఖర్ తన ముక్కుని వేలితో తాకి చూపించాడు.

గంగారత్నం మిరపకాయల తొడిమలు తీస్తూ తలెత్తలేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె ఆ ముక్కుని చూస్తూనే ఉంది. హార్డ్‌వేర్ కొట్టు మూసి భోజనానికి వచ్చాడంటే ఆమె భర్త డిటెక్టివ్ అయిపోతాడు. పోయిన వానాకాలం మాయమైన చెప్పు గురించి పోస్ట్‌మన్‌ని గేటు దగ్గర నిలబెట్టి ప్రశ్నించాడు. ఆ చెప్పు మీద పడుకున్న కుక్క విచారణ అంతా శ్రద్ధగా వింది.

ఈసారి బాధితురాలు కూతురు సునీత. గిటారు మోతకి గరుకుదనం తెచ్చే పెడల్ ఒకటి, కాలితో నొక్కేది, వీడియోలు చూసి తనే తయారు చేసుకుంది. వీడియోలో చేసి చూపించినాయన అల్యూమినియం డబ్బా వాడాడు. సునీత చూపు వంటింట్లో అల్యూమినియం పోపుల డబ్బా మీద పడింది. అది గంగారత్నం పుట్టింటిది. దానికి చిల్లి పెడితే నీ గిటారుకీ పెడతానని ఆమె నెమ్మదిగానే చెప్పింది. డబ్బా గట్టిదనం కోసమే కదా అనుకుని సునీత ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాతో సరిపెట్టుకుంది.

ఇప్పుడది గుయ్యిమంటోంది. తీగ మీటినా గుయ్యి, మీటకపోయినా గుయ్యి. సాయంత్రం దంతెవాడలో కాలేజీ ప్రోగ్రాం. ఇది ఇలాగే మోగితే సునీత వంతు కూడా తనే వాయిస్తానని, ఆమె డఫ్లీ అనే చిన్న డప్పు పట్టుకోవచ్చని, కొన్న పెడల్ ఉన్న తోటి గిటారిస్టు సంజయ్ ముందే దయ తలిచాడు. ఆమెని తీసుకెళ్ళే జీపు వాకిట్లో ఉంది. డ్రైవర్ సుక్రాం వంటింటి గడప మీద టీ తాగుతున్నాడు. ప్లగ్గు అక్కడే ఉంది కాబట్టి గిటారు, స్పీకరు, పెడల్ అన్నీ వంటింటి నేల మీదే ఉన్నాయి.

సునీత వైర్లన్నీ వేడి సీసంతో మళ్ళీ అతికించింది. బ్యాటరీ మార్చింది. గుయ్యి పోలేదు.

రాజశేఖర్ రబ్బరు గ్లౌజులు తొడుక్కున్నాడు. వేలిముద్రలు చెరగకూడదట. అందర్నీ వరసగా గిటారు తీగలు పట్టుకోమన్నాడు. సునీత పట్టుకుంటే మోత తగ్గింది. గంగారత్నం పట్టుకున్నా తగ్గింది. సుక్రాం పట్టుకున్నా, రాజశేఖర్ తల్లి బుల్లమ్మ పట్టుకున్నా అంతే. చివర్న గ్లౌజులతో తను పట్టుకున్నాడు. గుయ్యి అలాగే ఉంది.

"చూశారా? దోషి చెయ్యి తగలగానే నేరం నోరు మూసుకుంటోంది. ఈ ఇంట్లో నిర్దోషిని నేనొక్కణ్ణే."

"నాది ఈ ఇల్లు కాదు గద సాబ్," అన్నాడు సుక్రాం.

"అందుకే నువ్వు బయటి ముఠా."

"ఆ తొడుగులు తీసి పట్టుకోరాదయ్యా," అంది గంగారత్నం. సాక్ష్యం పాడవుతుందని ఆయన ఒప్పుకోలేదు.

అంతలో గుయ్యి వెనకనుంచి ఒక మగ గొంతు గంభీరంగా అక్కడి హల్బీ భాషలో మాట్లాడింది. రాజశేఖర్ ముఖం పాలిపోయింది. ముఠా నాయకుడేమంటున్నాడో చెప్పమని సుక్రాంని నిలదీశాడు.

"బజార్ భావ్ చెప్తుండు సాబ్. విప్పపువ్వు అయింది, ఇప్పుడు చింతపండు."

"సంకేత భాష. విప్పపువ్వంటే బంగారం. చింతపండంటే వజ్రాలు."

"చింతపండంటే చింతపండే సాబ్."

"ఆ ధర ఇంకోపారి చెప్పమను బిడ్డా, నా మూట అమ్మేదుంది," అంటూ బుల్లమ్మ స్పీకరు మీదకి వంగింది. అది పెడల్‌కి చిక్కిన రేడియో అని సునీత చెప్పినా, ఇంట్లో రేడియోనే లేదు కదా అని తల్లీ కొడుకూ ఒక్కటయ్యారు.

సుక్రాం గ్లాసు కింద పెట్టి, పొద్దుపోతోందన్నాడు. సునీత గిటారు సంచీలోకి సర్దబోయింది.

"పోనీలే అమ్మా. డఫ్లీ పట్టుకుంటా."

ఆ వేళ్ళ చివర కాలిన మచ్చలు గంగారత్నం కంటబడ్డాయి.

ముఠాని దూరం నుంచి గమనించాలని రాజశేఖర్ భూతద్దంతో వెనక్కి అడుగులు వేశాడు. మోచెయ్యి పొయ్యిగట్టు మీద మూత తీసి ఉన్న పోపుల డబ్బాకి తగిలింది. పట్టుకోబోతే రబ్బరు చేతుల్లోంచి జారింది. ఆవాలు నేలంతా పరుగెత్తాయి, పసుపు ఆయన ప్యాంటు మీద పడింది. డబ్బా వెళ్ళి పెడల్ మీద బోర్లాపడింది.

గుయ్యి ఆగిపోయింది.

"అయ్యో, ధర చెప్పకుండనే పాయె," అంది బుల్లమ్మ.

సునీత డబ్బా ఎత్తింది. గుయ్యి. బోర్లించింది. నిశ్శబ్దం. డబ్బా అంచు గిటారు వైరు కొసనున్న ఇనప పిన్ను మీద ఆనుకుని ఉంది. బయటి మోతనీ రేడియోనీ ఈ అల్యూమినియమే లోపలికి రానివ్వడం లేదని, వీడియో ఆయన దాన్ని గట్టిదనం కోసం వాడలేదని ఆమెకి అప్పుడు అర్థమైంది. చెప్పింది. చెప్పి, తల్లి ముఖం చూసి, డబ్బాని తుడిచి గట్టు మీద పెట్టేసింది.

"నేరస్థుణ్ణి నిర్బంధించాను. అంతా నా ప్లాను ప్రకారమే," అన్నాడు రాజశేఖర్, పసుప్పచ్చగా.

గంగారత్నం డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టింది.

"కొట్ల డ్రిల్లుంది గద. పో, బిడ్డకేడ గావాల్నో ఆడ చిల్లులు పెట్టు. వంకర పెట్టినవో, రాత్రికి బువ్వ లేదు."

చిల్లులు తిన్నగానే పడ్డాయి. రాత్రి సునీత ఫోన్ చేసింది. తన వంతు తనే వాయించింది. గుయ్యి లేదు. అయితే స్టేజీ మీద ఇంగువ వాసన ఎక్కడినుంచి వస్తోందో సంజయ్‌కి ఎంతకీ అంతుపట్టలేదట.

మర్నాడు పొద్దున గంగారత్నం పోపు సామాను ఖాళీ అయిన ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలోకి సర్దింది. సునీత పెట్టిన చిల్లులు దానికి అలాగే ఉన్నాయి. అది ఆమె చేతిలో పొయ్యి దగ్గరికీ గూటి దగ్గరికీ తిరుగుతుంటే, వెనకే సన్నటి ఆవాల బారు పడుతూ వచ్చింది.

కొట్టుకి బయల్దేరుతున్న రాజశేఖర్ నేల వైపు చూసి ఆగిపోయాడు. జేబులోంచి గ్లౌజులు తీశాడు.